చిల్లుల పేపరు

అమ్మాయిల హాస్టల్, అంగళ్లు (మదనపల్లె దగ్గర)
ఆగస్టు 3, 2025

అత్తా,

ఫోను చేయకుండా ఉత్తరం రాసిందంటే ఏదో అయిందని నీకు ఈపాటికే గుండె దడ మొదలై ఉంటుంది. ఏమీ కాలేదు. ఫోన్లు తీసుకున్నారు, అంతే. పోయిన వారం అందరి ఫోన్లూ ఒక బియ్యం గోతంలో వేయించి ఆఫీసు గదిలో పెట్టారు. ఆదివారం పూట వార్డెన్ రాజేశ్వరమ్మ మేడం ఎదురుగా నిలబడి, స్పీకర్ పెట్టి, ఇంటికి ఒక్క ఫోను చేసుకోవచ్చు. అలా నిలబడి నాన్నతో "బాగున్నాను" అనడానికే నాకు చెమట పట్టింది. నీతో అయితే నువ్వు నవ్విస్తావు. అది ఇంకా ప్రమాదం.

కొత్త నిబంధనలు చాలా వచ్చాయి. వరండాలో ముగ్గురికి మించి కలిసి నిలబడకూడదు. దీనివల్ల నష్టపోనిది హాస్టల్ మొత్తంలో నేనొక్కదాన్నే. నాకు ముగ్గురు స్నేహితులు ఎప్పుడూ లేరు. ఉన్నది నా రూమ్మేటు వెన్నెల. ఆమె ఒక్కతే నలుగురి పెట్టు.

ఇదంతా ఎందుకంటే, దేశంలో అక్కడక్కడా, బయటి దేశాల్లో ఇంకా ఎక్కువగా, కాలేజీ పిల్లలు రోడ్ల మీదికి వస్తున్నారట. "అట" అని ఎందుకంటున్నానంటే ఆ వార్తలు మేము చదవలేదు. రీడింగ్ రూముకు పేపరు రోజూ వస్తుంది, కానీ చిల్లులతో వస్తుంది. మేడం పొద్దున్నే కత్తెర పట్టుకుని కూర్చుని, విద్యార్థులు, ధర్నా, లాఠీ అన్న మాటలు కనిపించిన చోటల్లా చక్కగా చదరంగా కోసేస్తారు. మాది పేరుకే కాలేజీ. నిజానికి ఒక చిన్న రాజ్యం, కరస్పాండెంట్ గారు రాజు. సంఘాలు పెట్టుకునేవాళ్లకు ఇక్కడ చోటు లేదని గేటు మీదే రాయించారు.

ఇంత జరిగినా నాకు కోపం రాలేదని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వచ్చింది మొన్న శుక్రవారం. ఏదో దేశంలో విద్యార్థులు పార్లమెంటు ముందు కూర్చున్న వార్త కోసినప్పుడు, వెనక పేజీలో ఉన్న గళ్ల నుడికట్టు సగం పోయింది. నిలువు ఏడు నుంచి కింద ఏమీ లేదు. నియంతృత్వం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

వెన్నెలకు చూపించాను. "లోకంలో పిల్లోల్లు దెబ్బలు తింటాంటే నీకు గళ్లు ముఖ్యమా మే?" అంది.

ఒక సంగతి. నువ్వు రాసేవి మేడం తెరిచి చదివాకే నాకు ఇస్తారు. నావి మాత్రం నిమ్మనపల్లె నుంచి బస్సులో వచ్చే అమ్మాయి తీసుకెళ్లి పోస్టు చేస్తుంది. అంటే నేను ఏమైనా రాయవచ్చు, నువ్వు రాయకూడదు. మన ఇద్దరి స్వభావాలకూ ఇది సరిగ్గా తలకిందులు.

నీ మేనకోడలు,
రూప


కుప్పం
ఆగస్టు 9

రూపమ్మకు,

ముందుగా రాజేశ్వరమ్మ మేడం గారికి నమస్కారాలు. మొదట చదివేది మీరే కదా. మా పిల్ల ఆకలేస్తోందని నోరు తెరిచి అడగదు. కొంచెం చూస్తుండండి.

ఇక నీకు. నీ ఉత్తరం రైల్లో చదివాను. మనసులో కాదు, పైకి. ఏం చేయమంటావు? కుప్పంలో ఎక్కి వైట్‌ఫీల్డులో నేను పనిచేసే కళ్లద్దాల అంగడి దాకా రోజూ ఆడవాళ్ల పెట్టెలో అవే మొహాలు. అక్కడ ఎవరికి ఏ కాగితం వచ్చినా అందరికీ వచ్చినట్టే. కనకాంబరాల బుట్టతో ఎక్కే పాపమ్మ "ఏం రాసిండాది మీ కోడలు? గట్టిగా సదువు, మాకూ ఇనపడాల" అంది. గుడుపల్లెలో మొదలుపెట్టాను. బిసానత్తం వచ్చేసరికి పెట్టె అంతా నిశ్శబ్దం. గళ్ల నుడికట్టు దగ్గర ఒక కన్నడావిడ "అయ్యో పాప" అని నాలుక చప్పరించింది.

పాపమ్మ తీర్పు చెప్పింది: "ఈ పొద్దు పేపరు కోసేవాల్లు రేపు పిల్లోల్ల జడలు కోస్తారు సూడు."

పట్టించుకోకండి మేడం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. వాము వేసి కాచిన నువ్వుల నూనె పూసుకుంటోంది, ఈమధ్య తగ్గింది, ఆ హుషారులో మాట్లాడింది.

నువ్వు మాత్రం గమ్మున ఉండు రూపా. చిన్నప్పటి నుంచి నీకు బాగా వచ్చిన విద్య అదే. మీ నాయన సంగతి నీకు తెలుసు. సైకిల్ బెల్లు మోగినా మా అన్న పోలీసు జీపు అనుకుంటాడు.

టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని రాసిన
మీ అత్త ఉషారాణి


అంగళ్లు
ఆగస్టు 17

అత్తా,

నేను గమ్మునే ఉన్నాను. నా చెయ్యి ఉండలేదు.

వెన్నెల ఒక చార్టు తెచ్చింది. దాని మధ్యలో చిల్లు పడిన పేపరు అతికించి, కింద "ఈ చిల్లులో ఏముంది?" అని రాసి, రీడింగ్ రూము తలుపుకు అంటించాలని ఆమె ఆలోచన. ఎవరు చేశారో తెలియకూడదు. అందులో గొప్పంతా అదే.

"నా అచ్చరాలు కోడి గెలికినట్టుంటాయి. నువ్వు రాయి మే, కాన్వెంటు చెయ్యి" అంది.

కాన్వెంటులో నేను సంపాదించినవి మూడే అనుకునేదాన్ని. గుండ్రటి అక్షరాలు, మోకాళ్ల మీద మొద్దుబారిన చర్మం, పెద్దవాళ్లు గదిలోకి వస్తే లేచి నిలబడే అలవాటు. నాలుగోది కూడా ఉందని ఆ మర్నాడు తెలిసింది.

రాశాను. బాగా రాశాను. మార్జిన్ కూడా గీశాను. వెన్నెల కరెంటు పోయినప్పుడు వెళ్లి అంటించి వచ్చింది. పొద్దున టిఫిన్‌కు వెళితే అందరూ నన్నే చూస్తున్నారు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని నేను కూడా తిరిగి చూశాను. తరువాత వెళ్లి చార్టు చూశాను. కుడివైపు పైన, స్కేలు పెట్టి గీసిన గీత మీద, తీరుగా ఉంది: బి. రూప, రెండో సంవత్సరం, సి సెక్షన్, రోల్ నంబరు, తేదీ.

పేరూ రోల్ నంబరూ లేని కాగితాన్ని మా సిస్టర్ చదవకుండానే చింపేసేది. ఆ భయం నా వేళ్లలో ఉండిపోయింది. నన్ను అడగకుండా రాసేసింది.

ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. "ఎంత తెగింపు! పేరు కూడా వేసుకుందే!" అన్నారు. అది తెగింపు కాదు సార్, అలవాటు అని చెప్పాలనుకున్నాను. నోరు పెగల్లేదు. జవాబు చెప్పకపోవడం పొగరు అని ఫైల్లో రాసుకున్నారు. ఇన్నేళ్లూ మనింట్లో బిడియం అనుకున్నదానికి అసలు పేరు దొరికింది.

బయటికి వస్తుంటే మేడం నన్ను ఆపారు. అయిపోయాను అనుకున్నాను. "మీ అత్త రాసిన ఆ నూనెలో వాము ఎంత వెయ్యాల?" అని అడిగారు. కాస్త కొలత రాయి.

రూప


కుప్పం
ఆగస్టు 23

మా వీరనారికి,

మేడం గారూ, చిన్న గిన్నెడు నూనెకు రెండు చెంచాల వాము. సన్న సెగ మీద కాచండి. మాడితే పని చేయదు.

రూపా, అలవాటు అని నాకు చెప్పకు. ఎవరికైనా చెప్పు గానీ నాకు చెప్పకు. పేరు, సెక్షను, తేదీ వేసి, కింద గీత కొట్టి మరీ నిలబడ్డావు. నాకు తెలుసు, నువ్వు మా వంశంలో పుట్టిన మనిషివి కాదు. మా వంశంలో అందరం వేలిముద్ర వేయడానికి కూడా చుట్టూ చూసే రకం. రైల్లో చదివేటప్పుడు ఆ సిస్టర్ సంగతి వదిలేశాను. అది ఉంటే కథ బలహీనపడుతుంది.

పెట్టె అంతా లేచి నిలబడినంత పని చేసింది. పాపమ్మ మరిది దాసప్ప కుప్పంలో ఒక పేపరుకు వార్తలు పంపుతాడు. పాపమ్మ ఆయన్ని స్టేషనుకు పిలిపించింది. "పేరు యేసుకున్న పిల్ల అంటే మంచి పాయింటే అక్కా" అన్నాడు. ఇంకేమైనా చెప్పు, తిండి ఎలా ఉంది అని అడిగాడు. హాస్టల్లో సరిగ్గా తినదు, చిక్కిపోయింది అన్నాను. రాసుకున్నాడు. గురువారం జిల్లా పేజీలో వస్తుందట.

మేడం గారూ, ఈ ముక్క మీరు చదవకుండా ఉంటే బాగుండేది. పెన్నుతో రాసేశాను, కొట్టేస్తే అసహ్యంగా ఉంటుంది.

నీ అత్త


అంగళ్లు
ఆగస్టు 31

అత్తా,

గురువారం పేపర్లో జిల్లా పేజీ లేదు. జిల్లా పేజీ చుట్టూ ఉండే అంచు ఉంది. తేదీ నువ్వే చెప్పావు మరి. ఆ దాసప్ప ఏం రాశాడో నాకు తెలియదు. హాస్టల్లో ఎవరికీ తెలియదు. అంత పెద్ద చిల్లు ఇదివరకు ఎప్పుడూ పడలేదు కాబట్టి నా మీద గౌరవం మాత్రం పెరిగింది.

నేను వీరనారిని కాదు అత్తా. దయచేసి రైల్లో ఆ సిస్టర్ సంగతి కూడా చదువు.

శనివారం మెస్సులో ఒకటి జరిగింది. వెన్నెల ఆలోచనే. ఇన్నాళ్లూ దాచిన చిల్లుల పేపర్లు బల్లల మీద పంచింది. అందరం భోజనం ముందు పెట్టుకుని, తినకుండా కాసేపు, పేపరు మొహానికి అడ్డం పట్టుకుని కూర్చున్నాం. ఒక్క నినాదం లేదు. మొహం దాచుకునే పోరాటం కాబట్టి నాకు మొదట హాయిగా అనిపించింది. చిన్న వార్త పోయినచోట ఒక కన్ను కనిపిస్తోంది, పెద్ద వార్త పోయినచోట కళ్లూ ముక్కూ. మెస్సు నిండా కళ్లే. వడ్డించే ఆమె సాంబారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నా వాటాకు గురువారం జిల్లా పేజీ వచ్చింది. నా తల మొత్తం అందులో పట్టింది. దాచుకోవడానికి ఏమీ మిగలలేదు.

ఇప్పుడు నవ్వు రాని సంగతి. వచ్చే నెల ఇరవై ఐదున విచారణ. ఇంటివాళ్లను పిలుస్తారు. అప్పటిదాకా నాకు ఆదివారం ఫోను కూడా లేదు. నాకోసం ఒక కాగితం టైపు చేసి ఉంచారు. "వెన్నెల నన్ను రెచ్చగొట్టి పోస్టరు రాయించింది" అని. నేను సంతకం పెడితే నాకేమీ కాదు, వెన్నెలకు టీసీ ఇచ్చి పంపేస్తారు. పెట్టకపోతే నాకు ఈ సెమిస్టరు పోతుంది. వాళ్ల నాన్న మునస్వామి గారు మన పుంగనూరు బస్సు డిపోలో మెకానిక్. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమే మొదలు. టీసీ మీద ఇలాంటిది రాస్తే ఇంకెవరూ చేర్చుకోరు.

కష్టం ఏమిటంటే, నన్ను రాయమన్నది ఆమే. కాగితంలో ఉన్నది దాదాపు నిజమే. నాకు అబద్ధం చెప్పడం రాదు. ఆ నిజం చెప్పడం ఇష్టం లేదు. కాన్వెంటులో దీనికి పాఠం చెప్పలేదు.

రూప


కుప్పం
సెప్టెంబరు 6

రూపా,

తప్పయిపోయింది. దాసప్ప ఏం రాశాడో విను. "పుంగనూరు విద్యార్థిని ఆమరణ దీక్ష. క్షీణిస్తున్న ఆరోగ్యం." సరిగ్గా తినదు అని నేనన్న మాటకు ఆయన ఇంత చేశాడు. అడిగితే "దీక్ష లేకుంటే డెస్కులో వార్త తీసుకోరక్కా" అన్నాడు.

మీ నాయన తన పాత్రల అంగడిలో, సామాను చుట్టే పాత పేపర్లో నిన్న అది చదివాడు. నాకు ఫోను చేశాడు. నీ కూతురు భేషుగ్గా తింటోందన్నా అంటే వినడు. "నువ్వే ఎక్కించినావు పిల్లకి" అని నన్ను తిట్టి పెట్టేశాడు. రెండు మూడు రోజుల్లో బయలుదేరి వస్తాడు. నువ్వు సిద్ధంగా ఉండు.

సంతకం గురించి రైల్లో రెండు పార్టీలు అయ్యాయి. పెట్టమనేవాళ్లు కిటికీల వైపు, వద్దనేవాళ్లు తలుపు వైపు. నేను మధ్యలో నిలబడ్డాను. సీటు దొరకలేదు.

అత్త


అంగళ్లు
సెప్టెంబరు 14

అత్తా,

నీ ఉత్తరం చేరింది, సగం. దాసప్ప రాసింది చెప్పిన చోట చిల్లు. నువ్వు కాగితం రెండు వైపులా రాస్తావు కాబట్టి, నాన్న వస్తున్నాడన్న ముక్క దాని వెనక పోయింది. "తప్పయిపోయింది" తరువాత నేరుగా "సీటు దొరకలేదు" ఉంది. రైల్లో సీటు దొరకనందుకు నాకు క్షమాపణ చెబుతున్నావనుకున్నాను.

మంగళవారం పొద్దున పూరీలు. ఎప్పుడూ రెండు తినేదాన్ని, ఆ రోజు బాగున్నాయని నాలుగు తిన్నాను. తిని చెయ్యి కడుగుతుంటే, మీ నాన్న వచ్చాడు అన్నారు. వెళ్లి చూస్తే నాన్న అంగడిలోని కొత్త క్యారియర్, అమ్మకానికి పెట్టిన చీటీ కూడా తీయకుండా, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత సిక్కిపోయినావమ్మా" అన్నాడు.

నేను కాస్త లావయ్యాను అత్తా.

"ఒక్క ముద్ద తినమ్మా. నాయన సెప్తాండా గదా. నువ్వు తినకుంటే మీ అమ్మా తినేట్టు లేదు, నేనూ తినేట్టు లేదు."

ఏమయిందో నాకు తెలియదు. అమ్మకేదైనా జబ్బేమో, ఎవరైనా పోయారేమో అనుకున్నాను. ఏడుస్తూనే తిన్నాను. పులిహోర, దాని మీద ఒబ్బట్టు, దాని మీద పెరుగన్నం. నేను తినేకొద్దీ నాన్న ఏడుస్తున్నాడు. అది చూసి నేను ఇంకా తిన్నాను. గేటు దగ్గర అమ్మాయిలు గుంపు కట్టారు, ముగ్గురికి మించే. ఇంతలో మేడం ఒక గ్లాసులో నిమ్మరసం తెచ్చి నా చేతికిచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు. అప్పుడు తెలిసింది, నేను దీక్ష విరమిస్తున్నానని. నాలుగు పూరీల మీద దీక్ష విరమించి అజీర్తితో పడుకున్న మొదటి పోరాటయోధురాలిని నేనే అయి ఉంటాను.

తరువాత నాన్నకు ఆ టైపు కాగితం చూపించారు. చదువుకుని నా వైపు తిరిగాడు.

"పెట్టెయ్యమ్మా సంతకం. మనకు యాల ఈ గొడవ?"

నేను తల వంచుకున్నాను.

"ఆ బిడ్డ మంచిదే, కాదనను. మునస్వామీ నాకు తెలుసు. కానీ మనం అంగడోల్లం. పెద్దోల్లతో పెట్టుకుంటే రేపు ఒకడొచ్చి లైసెన్సు అంటాడు, ఇంకొకడొచ్చి తూకం అంటాడు. వాల్లు వస్తారు, పోతారు. మనం యాడికి పోతాం?"

దీనికి జవాబు వెన్నెల దగ్గర ఉండేది, కానీ వెన్నెలను అడగలేను. నేను ఆ కాగితం సంగతి ఇంతవరకూ ఆమెకు చెప్పలేదు. పక్క మంచం మీద హాయిగా గురక పెడుతోంది. విచారణలో ఏమేం మాట్లాడాలో కలలో కూడా తయారుచేసుకుంటోంది.

రూప


కుప్పం
సెప్టెంబరు 19

రూపా,

ఈసారి ఒకవైపే రాస్తున్నాను. మేడం, మీ ఇష్టం వచ్చినట్టు కోసుకోండి, వెనక నష్టమేమీ లేదు. మోకాళ్లు ఎలా ఉన్నాయి?

మీ నాయన నాతో మాట్లాడటం మానేశాడు. నేను నిన్ను రైల్లో నిలబెట్టి వీరనారి అని అమ్ముకున్న మాట నిజం. రోజూ కళ్లద్దాల చట్రాలు తుడిచే దానికి నలుగురు చెవి ఒగ్గి వింటుంటే కొంచెం మత్తు ఎక్కింది. నిన్న నీ ఉత్తరం మొత్తం చదివాను. సిస్టరూ, నాలుగు పూరీలూ, అన్నీ. ఎవరూ నవ్వలేదు అనను. బంగారుపేట దాకా నవ్వారు. పాపమ్మ మాత్రం "భయపడే పిల్లే అయితే ఇంకా కష్టం గదా పాపం" అని బుట్ట సర్దుకుంది.

పెట్టె అంతా కలిసి నువ్వు విచారణలో చెప్పాల్సింది తయారుచేశారు. తెలుగులో మొదలై, మధ్యలో అరవంలోకి వెళ్లి, కన్నడంలో ముగుస్తుంది. చివర్లో శాపనార్థాలు ఉన్నాయి. అవి నేను తీసేశాను. ఇంకో కాగితం మీద పంపుతున్నాను. బాగుంటే బట్టీ పట్టు.

ఒక్క మాట నాది. నువ్వు సంతకం పెట్టినా నా మేనకోడలివే. పెట్టావని రైల్లో చెప్పను, అంతే తేడా.

అత్త


పుంగనూరు
సెప్టెంబరు 27

అత్తా,

చిరునామా చూస్తేనే నీకు సగం తెలిసి ఉంటుంది.

మొన్న గురువారం విచారణ. బల్లకు అటువైపు కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్ గారు, ఇంకో ఇద్దరు. ఇటువైపు నాన్న, మునస్వామి గారు, మేమిద్దరం. మేడం తలుపు దగ్గర నిలబడ్డారు. టైపు కాగితం నా ముందు పెట్టారు. పైన పెన్ను. దాని మూత కూడా వాళ్లే తీసి ఉంచారు.

"ఈ పోస్టరు నిన్ను ఎవరు రాయమన్నారు?"

మీ రైలువాళ్ల ప్రసంగం మొత్తం నాకు నోటికి వచ్చు. ఆ క్షణాన దానిలో నాకు గుర్తొచ్చింది ఒక్క అరవ మాట, అదీ అర్థం తెలియనిది.

వెన్నెల లేచింది. "సార్, అది నేనే..."

"నిన్ను అడిగినానా? అడిగినప్పుడే మాట్లాడాల. కూర్చో."

మళ్లీ నన్ను అడిగారు. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ వెన్నెల, "సార్, ఆ ఐడియా..." మళ్లీ "కూర్చో." ఇలా చాలాసార్లు. అడగనిదే మాట్లాడకూడదన్నది వాళ్ల రాజ్యంలో మొదటి నిబంధన కదా. ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి నోరు మూయించి, నోరు పెగలని మనిషిని చెప్పమంటున్నారు.

"నోట్లో నాలిక లేదా?" అన్నారు కరస్పాండెంట్ గారు.

నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "సెప్పమ్మా. ఎవురు రాయమన్నారో సెప్పేసి ఇంటికి పోదాం."

అప్పుడు మునస్వామి గారిని చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. నేల చూస్తున్నాడు. ఏ పేరు వినబోతున్నాడో ఆయనకు తెలుసు.

నేను లేచి నిలబడ్డాను. ధైర్యంతో కాదు. పెద్దవాళ్లకు జవాబు చెప్పేటప్పుడు కూర్చోవడం నాకు రాదు.

"ఎవరూ రాయమనలేదు సార్. నేనే రాశాను."

కాన్వెంటు ప్రార్థనలాగా, అవసరానికి మించి గట్టిగా వచ్చింది. జీవితంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అత్తా. అందరూ నమ్మారు. పేరూ నంబరూ వేసుకునేంత తెగింపు గల మనిషికి ఇంకొకరు చెప్పాల్సిన పనేముంది అని ప్రిన్సిపాల్ గారే నా తరఫున వాదించారు.

తీర్పు: నాకు ఈ సెమిస్టరు సస్పెన్షన్. వెన్నెలకు హెచ్చరిక. ఇకమీదట రీడింగ్ రూముకు పేపరే రాదు. మా పోరాటం సాధించింది ఇది. ఇదివరకు పేపర్లో చిల్లు ఉండేది, ఇప్పుడు చిల్లు ఉంది, పేపరు లేదు.

బయటికి రాగానే వెన్నెల నా మీద పడింది.

"నా పోరాటం నువ్వెత్తుకపోయినావు గదే! ఎన్ని రాసిపెట్టుకున్న్యా సెప్పేదానికి! నీకెవురు సెప్పమన్యారు మే?"

తిడుతూ తిడుతూ నా సంచీ బస్సు దాకా మోసింది. మునస్వామి గారు నాన్న దగ్గరికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని వదిలేశాడు.

అంగళ్లు నుంచి మదనపల్లె, మదనపల్లె నుంచి పుంగనూరు. దారి పొడుగునా నాన్న ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక కూడా అనలేదు. అమ్మతో "దానికి అన్నం పెట్టు" అన్నాడు. ఆ "దానికి" నేనే.

నా ఫోను ఇవ్వడం వాళ్లు మరిచిపోయారు, అడగడం నేను మరిచిపోయాను. ఇంకా ఆ గోతంలోనే ఉంది. అందుకే ఉత్తరం.

రూప


కుప్పం
అక్టోబరు 2

రూపా,

పాపమ్మకు చెప్పాను. ఒక మూర కనకాంబరాలు తెంచి నా జడలో పెట్టింది. నీకు చేరాల్సినవి, దారిలో వాడిపోతాయని నేనే ఉంచుకున్నాను.

మీ నాయన నాకు ఫోను చేయలేదు. తిట్టి ఉంటే నిద్రపట్టేది. ఆయన ఊరుకుంటే నాకు భయం. నీమీద కోపమా, నామీదా, ఊరి మీదా ఏమీ తెలియడం లేదు. ఇంట్లో మరీ ఇరుకుగా ఉంటే ఇక్కడికి వచ్చెయ్యి. రైల్లో నిన్ను చూపించమని అందరూ ప్రాణం తీస్తున్నారు. నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు, కూర్చుంటే చాలు. మాట్లాడటానికి నేను ఉన్నాను.

అత్త


పుంగనూరు
అక్టోబరు 12

అత్తా,

ఇప్పుడే రాలేను. అంగడిలో పని ఉంది.

రెండు వారాలు నాన్న నాతో మాట్లాడలేదు. నేను రోజూ వెళ్లి ఒక మూల కూర్చునేదాన్ని. గ్లాసులు తుడిచేదాన్ని. ఎవరైనా వచ్చి "కాలేజీకి పోలేదా పాపా?" అంటే నాన్న "సెలవులు" అనేవాడు. ఆయన చెప్పే అబద్ధం నా అబద్ధం కన్నా సహజంగా ఉంటుంది.

నిన్న మా హాస్టల్ మెస్సు కాంట్రాక్టరు వచ్చాడు. ఆయనది ఈ ఊరే. పళ్లేలు, గ్లాసులు మన దగ్గరే కొంటాడు. కొత్త పళ్లేలు కావాలన్నాడు, సాయంత్రం ఆటో పంపుతానని వెళ్లాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ పళ్లేల్లో తినాల్సిన దాన్ని, వాటిని సర్దుతున్నాను.

నాన్న మామూలుగా పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మొత్తానికి ఒక పాత పేపరు చుట్టి తాడు కడతాడు. పాత పేపర్ల కట్ట ఆయన వీపు వెనకే ఉంది, నడుము ఎత్తున. నేను దానిలోంచి ఒకటి లాగాను.

"అవి వద్దు. ఈ వారంవి యాడ పెట్న్యావు?" అన్నాడు.

రెండు వారాల తరువాత నాతో అన్న మొదటి మాట. ఈ వారం పేపర్లు ఇంట్లో ఉన్నాయి. నేను చదివి మడత కూడా చెడకుండా పెట్టుకున్నాను. పరిగెత్తి తెచ్చాను.

నాన్న ఒక పళ్లెం తీసుకున్నాడు. జిల్లా పేజీ విప్పి, దాని మధ్యలో పళ్లెం పెట్టి, నాలుగు వైపుల నుంచి మడిచాడు. పక్కన పెట్టాడు. ఇంకో పళ్లెం తీసుకున్నాడు. ఇంకో పేజీ. ఆయన ఎంత పొదుపు మనిషో నీకు తెలుసు. ఒక్కో పళ్లేనికి ఒక్కో పేజీ చుట్టడం నేను ఇంతవరకూ చూడలేదు.

నేను అలాగే చూస్తూ నిలబడ్డాను. ఆయన తల ఎత్తలేదు. రోడ్డు మీద ఏదో జీపు వెళ్లింది. చేతులు ఒక్క క్షణం ఆగాయి. వెళ్లిపోయాక మళ్లీ కదిలాయి.

"సూస్తా నిలబడ్తే ఎట్ల? ఆటో వచ్చేస్తాది. నువ్వూ ఒకటి తీసుకో" అన్నాడు.

తీసుకున్నాను. తొందరలో పేపరు అంచు పళ్లేనికి తగులుకుని చిరగబోయింది. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిదానంగా సుట్టమ్మా. యాడా సిరగగూడదు."

రూప